ఏడో తారీఖు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నమస్కారమండీ. విశాఖపట్నం గాజువాకలో పదకొండేళ్లుగా మేన్‌పవర్ ఏజెన్సీ నడుపుతున్నాను. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలకు హెల్పర్లను, ప్యాకింగ్ వాళ్లను, రెండు ప్రైవేటు ఆసుపత్రులకు హౌస్‌కీపింగ్ సిబ్బందిని పంపిస్తుంటాం. ఇప్పుడు మా రోల్స్‌లో సుమారు 600 మంది ఉన్నారు. ఎంబీఏ చదివి వచ్చిన మా అబ్బాయి ఈ మధ్యే ఆఫీసు పనులు చూసుకుంటున్నాడు. సంస్థకు ఒక ధ్యేయం ఉండాలి, అది రాసి పెట్టుకోవాలి, లేకపోతే పెద్ద కంపెనీలు మనల్ని ఎప్పటికీ లేబర్ కాంట్రాక్టర్‌గానే చూస్తాయి అంటాడు. ఒక కన్సల్టెంటును పెట్టుకున్నాం. ఆయన ‘ప్రతిభను అవకాశంతో కలుపుతూ దేశ నిర్మాణంలో భాగస్వాములమవుతాం’ అని రాసిచ్చారు. బోర్డు కూడా చేయించాం. నిజం చెప్పాలంటే దాన్ని చదివితే నాకేమీ అనిపించడం లేదు. మాది మధ్యలో నిలబడే వ్యాపారం. కంపెనీ బిల్లు చెల్లిస్తుంది, మేం జీతాలు ఇస్తాం, మిగిలింది మాది. దీనికి అంతకన్నా పెద్ద అర్థం ఉంటుందా? ఉంటే దాన్ని ఎలా కనుక్కోవాలి?

ఇంకొక విషయం. ఇన్నేళ్లలో మాకు ఎప్పుడూ పని ఇవ్వని ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్లు మొన్న ఫోన్ చేశారు. అక్కడి కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చారట. 120 మందిని సిద్ధంగా ఉంచమంటున్నారు. రేటు మామూలుకన్నా బాగా ఎక్కువ. అబ్బాయి ఒప్పుకుందామంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు, కానీ ఎందుకో వాడికి చెప్పలేకపోతున్నాను.
(ఒక పాఠకుడు, గాజువాక)

సమాధానం: బోర్డు చదివితే మీకేమీ అనిపించకపోవడం మంచి లక్షణమే. ఆ వాక్యాన్ని గాజువాకలోని ఏ ఏజెన్సీ ఆఫీసులో తగిలించినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. జీతంలోంచి పీఎఫ్ పట్టుకుని జమ చేయనివాడు కూడా దాన్ని నిశ్చింతగా గోడకు పెట్టుకోవచ్చు. అది ఎవరినీ ఏ పని నుంచీ ఆపదు, అందుకే దానికి ప్రాణం లేదు. ఒక సంస్థకు ధ్యేయం ఉందని నేను ఎప్పుడు నమ్ముతానంటే, దానికోసం చేతికి రాబోయే డబ్బును ఒక్కసారైనా వదులుకున్నప్పుడు. కాబట్టి మీకు మరో వాక్యం రాసివ్వను. ఏ డబ్బు వదులుకోవడానికి మీరు సిద్ధమో తేల్చుకునే దారి చెబుతాను. సమ్మె విషయానికి జవాబు కూడా ఆ దారిలోనే ఉంది, చివర్లో దానికి వస్తాను.

ముందు ఈ వృత్తి పూర్వచరిత్ర చూడాలి. మీది ఉత్తరాంధ్ర కాబట్టి ‘రంగం వెళ్లడం’ గురించి ఇంటి పెద్దల నోట వినే ఉంటారు. 19వ శతాబ్దం చివరి నుంచి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు వేల సంఖ్యలో స్టీమరెక్కి బర్మాలోని రంగూన్ వెళ్లి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. వాళ్లను ఊళ్లలో పోగుచేసి తీసుకెళ్లింది మేస్త్రీలు. స్టీమరు ఛార్జీలకూ ఇంటి ఖర్చులకూ బయానా ఇచ్చేవారు. అక్కడ కూలి డబ్బు మేస్త్రీ చేతుల మీదుగా వచ్చేది. అప్పూ కమీషనూ పట్టుకున్నాక మిగిలింది కూలీకి దక్కేది. పనిచేయించుకునే యజమానికి మేస్త్రీ తెలుసు, కూలీ తెలియదు. తర్వాత పాలమూరు నుంచి దేశం నలుమూలలా డ్యాముల పనులకు వెళ్లినవాళ్ల వెనుక గుంపు మేస్త్రీలు ఉన్నారు. ఒడిశాలో బయానా తీసుకుని వలస వెళ్లే దాదన్ కూలీల కథ కూడా అలాంటిదే. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఊరికే రాలేదు. మధ్యలో నిలబడ్డ మనిషి చేతుల్లో ఏం జరుగుతుందో దేశం కళ్లారా చూశాక వచ్చాయి.

మీరు ఆ కోవకు చెందినవారని నేను అనడం లేదు. కానీ మీ వ్యాపారం మీద జనానికి ఉన్న అనుమానం అక్కడ పుట్టింది, ఈ రోజుకూ పోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే కార్పొరేషన్‌ను ముందుకు తెచ్చినప్పుడు చెప్పిన కారణాలు గుర్తు చేసుకోండి. ఏజెన్సీలు జీతాలు ఆలస్యం చేస్తున్నాయి, కమీషన్లు కోస్తున్నాయి, పీఎఫ్, ఈఎస్ఐ సరిగా కట్టడం లేదు. అంటే ప్రైవేటు ఏజెన్సీ అనేదే లేకపోతే కార్మికుడికి మేలని ఒక ప్రభుత్వమే భావించింది. మీరు రాసుకునే ధ్యేయం ఈ అభియోగానికి జవాబు చెప్పగలగాలి. ‘మీరు మధ్యలో ఎందుకు?’ అని కార్మికుడు అడిగితే, అతని కళ్లలోకి చూసి చెప్పగలిగే మాట అయి ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1944లో ఫిలడెల్ఫియా ప్రకటనలో శ్రమ అనేది సరుకు కాదని చెప్పింది. అదే సంస్థ 1997లో ప్రైవేటు ఉపాధి ఏజెన్సీల కోసం 181వ ఒప్పందం తెచ్చి, ఉద్యోగం చూపించినందుకు కార్మికుడి దగ్గర నేరుగాగానీ చాటుగాగానీ డబ్బు తీసుకోకూడదని అందులో రాసింది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు. అయినా మీరు మీ ఆఫీసు వరకు ఆమోదించుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మధ్యలో మనిషి నిజంగా అవసరమా అంటే, అవసరమే. పలాస దగ్గరి పల్లెలో ఐటీఐ చదివిన కుర్రవాడికి అచ్యుతాపురంలో ఏ కంపెనీ ఏ షిఫ్టుకు మనుషుల కోసం వెతుకుతోందో తెలియదు. గేటు దగ్గరికి వెళ్తే సెక్యూరిటీవాళ్లు లోపలికి పోనివ్వరు. కంపెనీకి ఆ కుర్రవాడి ఊరూ పేరూ తెలియవు. వారం రోజుల్లో నలభై మంది కావాలంటే వాళ్ల హెచ్ఆర్ విభాగానికి సాధ్యం కాదు. ఈ ఎడాన్ని పూడ్చడం గౌరవమైన పనే. ఇంకో సంగతి కూడా ఉంది. అడ్డా మీద నిలబడి రోజుకూలీకి వెళ్లే మనిషి మీ రోల్స్‌లోకి వచ్చిన రోజున అతనికి జీవితంలో మొదటిసారి నియామక పత్రం, పేస్లిప్, పీఎఫ్ ఖాతా, ఈఎస్ఐ కార్డు వస్తాయి. ఆ కార్డుతో తల్లిని మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పనిలో ప్రమాదం జరిగి అతను చనిపోతే అతని మీద ఆధారపడినవాళ్లకు జీతంలో 90 శాతం నెలనెలా అందుతుంది. ఉద్యోగంలో ఉండగా ఏ కారణంతో చనిపోయినా పీఎఫ్‌తో ముడిపడ్డ బీమా కింద 7 లక్షల రూపాయల వరకు కుటుంబానికి వస్తుంది. ఇవన్నీ మీరు కట్టే చలానాల మీద ఆధారపడి ఉన్నాయి. ఒక నెల చలానా కట్టకపోతే ఏమవుతుందిలే అనుకునే ఏజెన్సీ ఆ కుటుంబం కాళ్ల కింద నేలను లాగేస్తున్నట్టే.

ఇప్పుడు కనుక్కునే పద్ధతి. కన్సల్టెంటును పంపించేయండి. గత ఏడాదిలో మీ రోల్స్ నుంచి మానేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లు తీయండి. వాళ్లలో ఇరవై మందిని మీరూ మీ అబ్బాయీ స్వయంగా కలవండి. సూపర్‌వైజర్‌ను వెంట తీసుకెళ్లవద్దు, అతని ముందు ఎవరూ నోరు విప్పరు. ఆఫీసుకు పిలిపించవద్దు. ఆదివారం పూట వాళ్లుండే గదుల దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లు మీకు ఇష్టమైన జవాబు చెబుతారు, వెళ్లిపోయినవాళ్లకు ఆ అవసరం లేదు. వాళ్లను అడగవలసింది కొంచెమే. మా ద్వారా చేరినందుకు మీకు ఏం మిగిలింది? ఎక్కడ మోసపోయామనిపించింది? మీ తమ్ముణ్ని మా దగ్గర చేరమని చెబుతారా, ఎందుకు?

వినే మాటల్లో కొన్ని నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఇవి మళ్లీ మళ్లీ విన్నవే. షూల డబ్బు, యూనిఫాం డబ్బు మొదటి జీతంలో పట్టుకున్నారని చెబుతారు. భద్రత కోసం ఇచ్చే వస్తువులకు కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదని చట్టం చెబుతున్నా ఇది జరుగుతూనే ఉంటుంది. ఊళ్లో తమను పనిలో పెట్టించిన మనిషికి రెండు మూడు వేలు ఇచ్చామంటారు. ఆ మనిషి మీ సూపర్‌వైజర్ బంధువని అప్పుడు మీకు తెలుస్తుంది. మానేశాక ఆఖరి నెల జీతం కోసం పదిసార్లు తిరిగామంటారు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది పీఎఫ్ డబ్బు చేతికి రాలేదన్న మాట. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీలాంటి సంస్థ ఎందుకుండాలో ఇక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది, ఏజెన్సీ గుమాస్తా పీఎఫ్‌లో ఎక్కించేటప్పుడు అసలు ఇంటిపేరే వదిలేస్తాడు. పుట్టిన తేదీ స్కూలు సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. పెళ్లయిన ఆడపిల్లకు తండ్రి ఇంటిపేరొకటి, భర్త ఇంటిపేరొకటి. పైగా కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) అడగకుండా కొత్త నంబరు సృష్టిస్తారు. అయిదేళ్లు పనిచేసిన మనిషి పేరు మీద మూడు నంబర్లు ఉంటాయి, ఒక్కదానిలోనూ డబ్బు తీయడానికి వీలుండదు. క్లెయిము పెడితే పేరు సరిపోలలేదని తిరిగొస్తుంది. ఇంటర్నెట్ సెంటరులో ఐదు వందలిచ్చి మళ్లీ పెడతాడు, మళ్లీ తిరిగొస్తుంది. చివరికి ఆ డబ్బు మీద ఆశ వదులుకుంటాడు. అది అతను చెమటోడ్చి కూడబెట్టుకున్నది. మీ ఆఫీసులో ఈ ఒక్క పనికి ఓపికగల మనిషిని ఒకరిని పెట్టి, చేరిన మొదటి రోజే ఆధార్, బ్యాంకు, యూఏఎన్ మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసి సరిచేయిస్తే, అతను జీవితాంతం మిమ్మల్ని తలచుకుంటాడు. ఒక గుమాస్తా జీతం మీకు భారం కాదు. ఇప్పటికే వెళ్లిపోయిన ఇరవై మందిలో ఎవరికైనా ఈ చిక్కు ఉంటే ముందు అది విప్పండి. ఆ పని చేశాక మీ ధ్యేయం రాయడానికి కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి.

ఇక డబ్బు లెక్క. మంచి మాటలన్నీ కూలిపోయేది ఇక్కడే కాబట్టి అంకెలతోనే మాట్లాడదాం. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల జీతం అనుకోండి. కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 113. చేతికి వచ్చేది 13,087. యజమాని వైపు పీఎఫ్ మరో 1,800, బీమా, నిర్వహణ ఛార్జీలు 150, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 488. బోనసు, సెలవులు, గ్రాట్యుటీ పక్కన పెట్టినా ఒక మనిషికి నెలకు 17,438 రూపాయలు. దాని మీద మీ సర్వీసు ఛార్జి 6 శాతం అనుకుంటే 1,046 వస్తుంది. ఈ వెయ్యి రూపాయల్లోనే మీ ఆఫీసు అద్దె, సూపర్‌వైజర్లు, గుమాస్తాలు, మీ లాభం అన్నీ సర్దుకోవాలి. 600 మందికి నెల ఖర్చు కోటి నాలుగు లక్షల పైమాటే. కంపెనీ బిల్లు రెండు నెలలకు చెల్లిస్తే, బ్యాంకు వడ్డీ నెలకు ఒక శాతం చొప్పున చూసినా మనిషికి దాదాపు 350 రూపాయలు వడ్డీకే పోతాయి. అంటే మీ సర్వీసు ఛార్జిలో మూడో వంతు. దీనికి తోడు కంపెనీ డబ్బు వచ్చినా రాకపోయినా పీఎఫ్, ఈఎస్ఐ 15వ తేదీకల్లా కట్టాలి, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా ఆగదు.

ఈ లెక్క తెలిసినవాడెవడూ సున్నా సర్వీసు ఛార్జికి టెండరు వేయడు. వేశాడంటే తన ఖర్చులు ఎక్కడినుంచి రాబట్టుకోవాలో ముందే నిర్ణయించుకున్నాడన్నమాట. కార్మికుడి ఓటీ గంటల్లోంచి, బోనసులోంచి, కట్టని చలానాలోంచి. మీ ధ్యేయంలో మొదటి నిరాకరణ ఇదే కావాలని నా సలహా. నిజమైన ఖర్చు రాని రేటుకు పని ఒప్పుకోకూడదు, అది ఎంత పెద్ద కంపెనీ అయినా సరే. కొన్ని టెండర్లు పోతాయి. పోనివ్వండి.

రెండోది ఏడో తారీఖు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు చెల్లించాలన్నది పాత వేతన చెల్లింపు చట్టంలో మీ స్థాయి సంస్థలకు ఉన్న నియమమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. ఉద్యోగం మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని కూడా ఆ కోడ్ చెబుతోంది. చట్టంలో ఉన్నదాన్ని ధ్యేయం అనడమేమిటని మీ అబ్బాయి అడగవచ్చు. అతన్ని ఈ వ్యాపారంలో ఉన్న పది మందితో మాట్లాడి రమ్మనండి. ‘కంపెనీ నుంచి పేమెంటు రాలేదు, వచ్చాక వేస్తాం’ అన్న మాట కార్మికుడు ఎన్నిసార్లు విన్నాడో తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో ఫ్రిట్స్ గోల్డ్‌స్మెడింగ్ అనే ఆయన 1960లో రాండ్‌స్టాడ్ సంస్థను మొదలుపెట్టారు. తొలి ఉద్యోగిని సైకిలు మీద ఎక్కించుకుని వెళ్లి కంపెనీ దగ్గర దింపారని చెబుతారు. ఇప్పుడది ప్రపంచంలోని అతి పెద్ద స్టాఫింగ్ సంస్థల్లో ఒకటి. ఉద్యోగి, కంపెనీ, తమ సంస్థ, సమాజం, అందరి మేలునూ ఒకేసారి సాధించాలన్నది ఆయన పెట్టిన సూత్రాల్లో ఒకటి. గొప్ప సూత్రమే. అయితే బిల్లు రాని నెలలో అందరి మేలూ ఒకేసారి కుదరదు. ఎవరి డబ్బు ముందు, ఎవరిది తర్వాత అన్నది ఆ నెలలో తేలిపోతుంది. కార్మికుడిది ముందు అని మీరు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి, ఆ రోజు వచ్చాక ఆలోచిస్తే వేరే సమాధానాలు తోస్తాయి.

రాసిపెట్టుకున్నంత మాత్రాన ఖాతాలో డబ్బు ఉండదు కాబట్టి ఏర్పాట్లు చేసుకోండి. రెండు నెలల జీతాలకు సరిపడే నిధి మీకు దూరపు గురి, ఒక నెలకు సరిపడేది ఈ ఏడాదిలోనే కూడబెట్టండి. లాభంలోంచి ఇంటికి తీసుకెళ్లేది ఆ మేరకు తగ్గుతుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే వెంటనే చేయించండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు ఉన్నా మీలాంటి చిన్న సంస్థకు కంపెనీ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తిస్తుంది. గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోనివ్వని మార్పు 2023లో వచ్చింది. దాంతో పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు మునుపటికన్నా మాట వింటున్నాయి. బిల్లులను ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల మీద పెట్టి, కొంత తగ్గింపుతో బ్యాంకుల నుంచి ముందే డబ్బు తెచ్చుకునే వీలు కూడా ఉంది. నాకు ఇవి పొడి వివరాల్లా అనిపించవు. ఏడో తారీఖున 600 ఇళ్లలో అద్దె, పాల బిల్లు, పిల్లల స్కూలు ఫీజు వీటి మీదే నిలబడ్డాయి.

మూడోది ప్రాణాలకు సంబంధించింది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా యూనిట్లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మీ మనుషులు తిరిగే రోడ్ల మీదే అది జరిగింది, మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన ప్రమాదం పదుల ప్రాణాలు తీసింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది అందులో ఉన్నారు. లోపల ఉన్నదెవరు, ఎంతమంది అన్న లెక్క వెంటనే తేలక కుటుంబాలు రోజుల తరబడి గేటు బయట ఎదురుచూశాయి. మీరు పంపిన మనిషి ఈ క్షణాన ఏ బ్లాకులో, ఏ షిఫ్టులో ఉన్నాడో మీ ఆఫీసులో అయిదు నిమిషాల్లో చెప్పగలరా? ప్యాకింగ్‌కని పంపిన అమ్మాయిని కంపెనీవాళ్లు సాల్వెంట్ డ్రమ్ముల దగ్గర పెడితే మీకు ఆ రోజే తెలుస్తుందా? తెలియకపోతే ముందు అది తెలిసే ఏర్పాటు చేయండి. శిక్షణ లేకుండా రియాక్టరు దగ్గరికి మా మనిషిని పంపకూడదని వర్క్ ఆర్డర్‌లో రాయించండి. రాయనంటే ఆ ఆర్డరు వద్దు.

మీ కార్మికుణ్ని కంపెనీ తన రోల్స్‌లోకి తీసుకుంటానంటే మీరేం చేస్తారన్నది కూడా చెప్పాలి. చాలా ఏజెన్సీలు అడ్డం పడతాయి, ఒప్పందంలో నిషేధం పెడతాయి. మీరు దాన్ని మీ విజయంగా లెక్కపెట్టుకోండి. ఏటా ఎంతమంది పర్మనెంట్ అయ్యారో ఆఫీసులో అందరికీ తెలిసేలా చెప్పండి. పలాస కుర్రవాడు తమ్ముణ్ని మీ దగ్గరికి పంపేది ఆ వార్త విన్నాకే. మంచి మనుషులు దొరకడం లేదని ప్రతి ఏజెన్సీ మొత్తుకునే ఈ రోజుల్లో, మీ దగ్గరికి వాళ్లంతట వాళ్లు రావడం వ్యాపారపరంగానూ చిన్న విషయం కాదు.

ఇవన్నీ చేశాక బోర్డు మీద ఏం రాయాలి అంటారా? ‘మా ద్వారా పనిలో చేరిన ప్రతి మనిషికీ ఏడో తారీఖుకు జీతం, తన పేరు మీద తనకు అందే పీఎఫ్, క్షేమంగా ఇంటికి చేరే షిఫ్టు’. ఇంతే రాయవచ్చు. లేదా ఆ ఇరవై మందిలో ఒకరు అన్న మాటనే రాయవచ్చు. దేశ నిర్మాణం ప్రస్తావన అందులో రానక్కర్లేదు. బోర్డును మీ క్యాబిన్‌లో పెట్టకండి, కార్మికులు సంతకాలు పెట్టే చోట పెట్టండి, మాట తప్పితే వాళ్లు వేలు పెట్టి చూపించగలగాలి.

ఇక సమ్మె. మీ మనసు ఎందుకు ఒప్పడం లేదో నాకు అర్థమవుతోంది, మీ అబ్బాయికి చెప్పడానికి మూడు కారణాలు ఇస్తాను. ఒకటి చట్టం. చట్టవిరుద్ధం కాని సమ్మె జరుగుతుండగా కొత్తవాళ్లను పనిలోకి తీసుకోవడం యజమాని చేసే అన్యాయమైన కార్మిక విధానమని పాత పారిశ్రామిక వివాదాల చట్టం అయిదో షెడ్యూలులో ఉంది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ దాన్ని కొనసాగించారు. మీకు ఫోన్ చేసినవాళ్లు ఆ తప్పులో మిమ్మల్ని చేయి కలపమంటున్నారు. బ్రిటన్‌లో ఏజెన్సీలు సమ్మె చేస్తున్నవారి స్థానంలో మనుషులను పంపకూడదన్న నిబంధనను ప్రభుత్వం 2022లో ఎత్తేస్తే, 2023లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రపంచవ్యాప్త స్టాఫింగ్ సంస్థల సమాఖ్య తన నియమావళిలోనే చట్టబద్ధమైన సమ్మెలకు మనుషులను సరఫరా చేయకూడదని రాసుకుంది. మీ అబ్బాయి చేరాలనుకుంటున్న పెద్ద సంస్థల వరుస పాటించే నియమం అది.

రెండోది భద్రత. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు ఎన్నడూ చూడని 120 మందిని, అనుభవం ఉన్నవాళ్లంతా గేటు బయట ఉన్నప్పుడు లోపలికి పంపుతారు. పని నేర్పేవాళ్లు ఉండరు. ప్రమాదం జరిగితే బాధ్యత తీసుకునేవాళ్లూ ఉండరు.

మూడోది మనవాళ్ల కథే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. సరుకు దించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను తెచ్చాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది, బర్మావాళ్లను ఇక అక్కర్లేదన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. కూలి పెంపు కోసం అడిగిన మనిషీ, ఆ నాలుగు రోజుల కూలి కోసం వచ్చిన మనిషీ ఒకరినొకరు చంపుకున్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టినవాళ్లకు ఏమీ కాలేదు. మీరు పంపే 120 మంది ఏ ఊళ్ల నుంచి వస్తారో, ఆ సమ్మె చేసేవాళ్లూ దాదాపు ఆ ఊళ్లవాళ్లే. సమ్మె ముగిశాక ఒకే బస్సులో తిరగవలసినవాళ్లు.

ఆ ఫోనుకు నాన్చకుండా రేపే జవాబు చెప్పండి. సమ్మె కాలంలో మనుషులను పంపడం మా సంస్థ పద్ధతి కాదు, వివాదం తేలాక అవసరముంటే మాట్లాడుకుందాం అంటే చాలు. కారణం అడిగితే ఆ షెడ్యూలు సంగతి చెప్పండి. వాళ్లు ఇంకో ఏజెన్సీని వెతుక్కుంటారు, బహుశా దొరుకుతుంది కూడా. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫోన్ మాట్లాడండి.